పేరు ఒకరిది, చేతులు ఒకరివి

అమ్మమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని గంటన్నర దాటింది. నీళ్ళ చప్పుడు లేదు, ఏడుపు చప్పుడూ లేదు. మధ్యమధ్య గొంతు మాత్రం సవరించుకుంటోంది. లోపల మనిషి ఉంది, ఇంకా బతికే ఉంది, పట్టించుకోండి అన్నట్టు.

"అమ్మమ్మా, రెండున్నర అయింది," అన్నాను తలుపు దగ్గర నిలబడి.

"అయితే ఏంటి?"

"మూడింటికి ఆవిడ వచ్చేస్తారు."

"పిలిచింది నువ్వు. కాఫీ నువ్వే పొయ్యి. నేను ఊళ్ళో లేనని చెప్పు."

"ఎక్కడికి వెళ్ళావని చెప్పను?"

లోపల కాసేపు ఆలోచన సాగింది. "వంతెన దాటి, సరిహద్దు అవతల హువారెస్ వెళ్ళిందని చెప్పు. పళ్ళ డాక్టరు దగ్గరికి."

"కూకా, ఆ అబద్ధం కుదరదే. నీవి కట్టుడు పళ్ళని ఈ పేటలో కుక్కలకి కూడా తెలుసు."

ఆ మాట అన్నది దోన్యా తొమాసా, అమ్మమ్మని కూకా అని పిలిచే పాత స్నేహితురాలు. పెద్దవాళ్ళని మేం దోన్యా అంటాం, గారు అన్నట్టు. స్నానాలగది తలుపుకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పంది బొమ్మలా చేసిన బెల్లం బిస్కెట్టుకి ముందు చెవులు కొరికేసి, ఇప్పుడు తోక దగ్గరికి వచ్చింది.

"నోరు ముయ్యి తొమాసా. అసలు నీ నోటివల్లే ఇదంతా."

"నేనేం చేశానమ్మా? పుస్తకం విని ఏడ్చాను. పుస్తకాలు ఉన్నది అందుకే కదా?"

వంటింట్లో అమ్మ ఎండుమిరపకాయలు రోట్లో నూరుతోంది. పక్కనే మిక్సీ ఉంది. పోయిన పుట్టినరోజుకి నేనే కొన్నాను. కానీ మిక్సీతో కోపం చూపించడం కుదరదు, మీట నొక్కితే అయిపోతుంది. రోలు అలా కాదు.

అమ్మమ్మతో అమ్మ మాట్లాడి ఐదు రోజులైంది. ఆదివారం నా దగ్గర పుస్తకం తీసుకుంది. సోమవారం పొద్దున కాఫీ వేళకి ముగించి, అమ్మమ్మ ముందు బల్లమీద పెట్టి, ఒక్కమాట కూడా అనకుండా పనికి వెళ్ళిపోయింది. అప్పట్నించీ ఉప్పు కావాలో వద్దో కూడా నా ద్వారానే అడుగుతోంది.

"అరసేలీ, పులుసులో ఇంకాస్త వెల్లుల్లి వెయ్యాలేమో మీ అమ్మమ్మని అడుగు."

"నేను ఊళ్ళో లేను!" అంది అమ్మమ్మ లోపల్నించి.

తప్పు నాదే. కంప్యూటరు ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. పంపేముందు పదిసార్లు పరీక్షించండి బాబూ అని ఆఫీసులో అందరి ప్రాణాలూ తీస్తాను. ఆ పుస్తకం రాసినావిడకి ఉత్తరం మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి చూసుకోకుండా పంపేశాను. ‘మేము ఎల్ పాసోలో, సెగుండో పేటలో, శనివారాలు నలుగురం కలిసి మీ నవల చదువుతున్నాం. వీలైతే రండి’ అని. మర్నాడే రెండు ముక్కల జవాబు. ‘మీ వీధి పేరు చూశాను. వస్తాను. డెల్ఫీనా.’

ఎగిరి గంతేశాను. ఇంకా నయం, వీడియో తియ్యలేదు.

ఆ నలుగురిలో ముగ్గురు ఒకప్పుడు పాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద పనిచేసినవాళ్ళు. అమ్మమ్మ, దోన్యా ఎలోయీసా, దోన్యా తొమాసా. నేను పైకి చదువుతాను, వాళ్ళు చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతూ వింటారు. అంతకుముందు చదివినవన్నీ ఎక్కడెక్కడివో కథలు. మంచు, ఓడలు, పెద్ద పెద్ద బంగళాలు. ముగ్గురూ మర్యాదగా వినేవారు, మధ్యలో ఒకరు కునుకు తీసేవారు. తర్వాత ‘మూడో మెట్టు’ తెరిచాను. తల్లి పోయిన ఏడేళ్ళ పిల్ల ఇదే ఊళ్ళో మొదలై ఎక్కడో పెరిగి పెద్దదయ్యే కథ.

మొదటి వాక్యం చదివాను. ‘మా వీధిలో గాలి ముందు పేర్లు మోసుకొచ్చేది, ఆ వెనకే దుమ్ము.’

ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

"ఇంకోసారి చదువు," అంది దోన్యా తొమాసా.

చదివాను.

"ఇది మన గాలేనే," అంది. కుర్చీలోంచి లేచి నిలబడింది, చర్చిలో సువార్త చదివేటప్పుడు లేచినట్టు. ఆ పూట నేను చదివిన ఇరవై పేజీలూ ఆవిడ నిలబడే వింది. మోకాళ్ళ నొప్పుల మనిషి.

నేనూ ఇరవయ్యారేళ్ళుగా ఈ దుమ్ము తింటున్నాను. కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాను, తిట్టుకుంటూ తుడిచాను. అది అచ్చులో పడేంత గొప్పదని నాకెవరూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళే ఇద్దరూ, సాగనంపే అమ్మమ్మా గుమ్మంలో ఆగి వీధిని కొత్తగా చూశారు.

పోయిన శనివారం పదకొండో అధ్యాయం. తల్లిని సమాధి చేసి వచ్చాక, ‘నీ జ్ఞానతల్లి వచ్చి నిన్ను తీసుకెళ్తుంది’ అని కిందింటావిడ ఆ పిల్లకి చెబుతుంది. పిల్ల బట్టల మూట పక్కన పెట్టుకుని, మూడో మెట్టు మీద మూడు రోజులు కూర్చుంటుంది. ఎవరూ రారు.

దోన్యా తొమాసా ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆపైన తిట్లు లంకించుకుంది. "జ్ఞానస్నానం అప్పుడు ప్రమాణం చేసి, తల్లి పోతే ఇలా వదిలేస్తుందా! ఆ ఆడదాన్ని చీమలపుట్ట మీద కూర్చోబెట్టాలి. పాకం పోసి మరీ!"

అమ్మమ్మ తల ఎత్తలేదు. దోన్యా ఎలోయీసా కూడా ఎత్తలేదు. ఆ రోజు అమ్మమ్మ రాళ్ళు గిన్నెలో వేసి, గింజలు చెత్తలో వేసింది.

వాళ్ళు వెళ్ళాక నాకు చెప్పింది. ఆ పిల్ల పేరు పుస్తకంలో వేరు, అసలు పేరు డెల్ఫీనా, అంటే నేను ఉత్తరం రాసి పిలిచినావిడే. తల్లి అమాదా వీళ్ళతోపాటు అదే ఫ్యాక్టరీలో పనిచేసేది. జ్ఞానతల్లిగా అమాదా అడిగింది దోన్యా ఎలోయీసాని. ఆవిడ అప్పుడే ప్రసవించి పురిటి నలభై రోజుల్లో ఉంది. గడప దాటకూడదు, తల తడవకూడదు. పసిపిల్లకేమో ఒంట్లో బాగాలేదు, జ్ఞానస్నానానికి నలభై రోజులు ఆగే వీల్లేదు. సరే, ఫాదరుగారు ఒప్పుకున్నారు. రిజిస్టరులో పేరు ఎలోయీసాది. ఆవిడ బదులు నీళ్ళ దగ్గర పిల్లని ఎత్తుకున్నది అమ్మమ్మ.

"తల్లి పోతే పిల్లని తెచ్చుకోవాల్సింది జ్ఞానతల్లి," అంది అమ్మమ్మ. "పేరు ఆవిడది. ఆవిడని కాదని నేను వెళ్ళి తెచ్చేస్తే, నీకు చేతకాలేదు అని ముఖం మీద అన్నట్టే కదా? అందుకని ఆగాను. ఒకరోజు, రెండ్రోజులు. ఇంతలో ఎక్కడో దూరాన ఫ్రెస్నో నుంచి మేనత్త వచ్చి పిల్లని తీసుకుపోయింది."

"మరి ఆవిడ ఎందుకు వెళ్ళలేదో నువ్వు అడగలేదా?"

"అడుగుతారటే? కొమాద్రేని?"

అదీ సంగతి. మా అమ్మకి జ్ఞానతల్లి దోన్యా ఎలోయీసా. అలా ఒక పిల్ల ద్వారా కలిసిన ఇద్దరు ఆడవాళ్ళు కొమాద్రేలు అవుతారు. చిన్నప్పుడు జుట్లు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళయినా సరే, ఆ రోజు నుంచి ఒకరినొకరు ‘మీరు’ అనుకోవాలి. మాట తూలకూడదు, నొప్పించకూడదు. దోన్యా తొమాసాకి పిల్లల్లేరు, ఆవిడ ఎవరికీ కొమాద్రే కాదు, అందుకే అందరినీ నువ్వు అంటుంది, అందరినీ నొప్పిస్తుంది.

"యాభై ఏళ్ళుగా ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు నేను," అంది అమ్మమ్మ ఆ రోజు. "అంత పెద్ద తప్పు చేసి ఆవిడ లోపల ఎంత కుమిలిపోతోందో అని."

ఇప్పుడు ఆ పిల్ల వస్తోంది. అమ్మమ్మ గడియ తియ్యదు.

రెండూ నలభైకి దోన్యా ఎలోయీసా వచ్చింది. పొడుగు మనిషి. గాలికి తలగుడ్డ బిగించి కట్టుకుని, ఎర్రటి లిప్‌స్టిక్ వేసుకుని, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో పాకంలో నానిన రొట్టె పళ్ళెం. గాలి ఆవిడ వెనకే గుప్పెడు ఇసుకతో లోపలికి దూరింది.

"ఏది మీ అమ్మమ్మ?"

"హువారెస్ వెళ్ళిందట," అంది దోన్యా తొమాసా, తలుపు వైపు బిస్కెట్టు చూపించి.

దోన్యా ఎలోయీసా పళ్ళెం నా చేతిలో పెట్టి, తలుపు దగ్గరగా వంగింది.

"కొమాద్రే, బయటికి రండి. మీరొక్కరే అనుకోకండి. నేను మీ పక్కనే కూర్చుంటాను. ఆ అమ్మాయి ఏమైనా అంటే నేను చెబుతాను. మా కొమాద్రే మనసు చెడ్డది కాదమ్మా, అప్పట్లో ఆవిడ పరిస్థితి బాగాలేదు అని."

లోపల గొంతు సవరింపు ఆగిపోయింది.

"ఎవరి పరిస్థితి?"

"మీదే."

గడియ తీసిన చప్పుడు.

అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది. డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, నా భుజం దాకా కూడా రాదు. చర్చికి వెళ్ళేటప్పటి నల్ల గౌను వేసుకుని, తల నున్నగా దువ్వుకుని ఉంది. ఊళ్ళో లేని మనిషి ఇంత ముస్తాబు ఎందుకైందో నేను అడగలేదు.

"నా పరిస్థితికి ఏమొచ్చింది? నేను లోపల ఎందుకు కూర్చున్నానో తెలుసా మీకు? ఆ పిల్ల నలుగురిలో మిమ్మల్ని నిలదీస్తే చూడలేక!"

"నన్నా?"

"మిమ్మల్నే. రిజిస్టరులో పేరు మీది."

"పేరా!" దోన్యా ఎలోయీసా కర్ర నేలమీద ఒక్క పోటు పొడిచింది. "ఫాదరుగారు ఏదో ఒక పేరు రాసుకోవాలి కాబట్టి రాసుకున్నారు. పిల్లని ఎత్తుకున్నదెవరు? తలమీద నీళ్ళు పోస్తుంటే కింద ఉన్న చేతులు ఎవరివి? దేవుడు రిజిస్టరు చూస్తాడా, చేతులు చూస్తాడా?"

"చేతులు అరువిచ్చాను కొమాద్రే! మీరు మంచం దిగలేక!"

"అరువు చేతులతోనే కొవ్వొత్తి పట్టుకున్నారు. ప్రమాణం మీ నోటితో చేశారు. ఆ రోజు నేరుగా మా ఇంటికొచ్చి ఏమన్నారో గుర్తుందా? ‘నీళ్ళు పడినా ఏడవలేదు కొమాద్రే, నా మెడలో ముఖం దాచుకుంది’ అన్నారు. మీ మొహం ఎలా వెలిగిపోయిందో మీకు తెలీదు, నేను చూశాను. పక్కలో నా బిడ్డ ఉన్నా నాకు కడుపు మండింది. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల ఈవిడదైపోయింది, పేరు నాదైతేనేం అని. అమాదా పోయాక ఆ పిల్లని మీ చేతుల్లోంచి లాక్కోమంటారా?"

అమ్మమ్మ తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది.

వంటింట్లో రోలు ఆగిపోయింది.

"మరి పండగలకి బట్టలు..." అంది అమ్మమ్మ చివరికి.

"ఇద్దరం కలిసి పెట్టేవాళ్ళం. ఎవరు పెడుతున్నారో ఏనాడూ అనుకోలేదు."

"మీరు నా కోసం ఆగారా?"

"మీరు నా కోసం ఆగారా?"

ఒకే మాట, ఇద్దరి నోటా.

తప్పులు పట్టి బతికేదాన్ని, ఎన్నో చూశాను. ఇది కదిలితే గానీ అది కదలదు, అది కదిలితే గానీ ఇది కదలదు. అలా రెండు ప్రోగ్రాములు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోవడం నాకు రోజూ ఉండేదే. మీట నొక్కి చంపేస్తాం. ఇక్కడ ఆగిపోయినవాళ్ళు మనుషులు. మధ్యలో ఏడేళ్ళ పిల్ల. ఆ పైన యాభై ఏళ్ళు ఒకరి తప్పు ఒకరు కడుపులో దాచుకుని, ప్రతి శనివారం కాఫీ పోసుకుని, చక్కెర చాలిందా కొమాద్రే అని అడిగారు. అంత ప్రేమని, అంత మూర్ఖత్వాన్ని నేను ఒకే చోట ఎప్పుడూ చూడలేదు. ఏది ఎక్కడ ముగిసి ఏది మొదలైందో కూడా తెలియలేదు.

"ఎలోయీసా," అంది అమ్మమ్మ. "నాకు ఒక్కమాట చెబితే నీ సొమ్మేం పోయిందే?"

కొమాద్రేని ‘నువ్వు’ అంది. దోన్యా తొమాసా శిలువ గుర్తు వేసుకుంది.

"నువ్వు అడిగితే చెప్పేదాన్ని కదే," అంది దోన్యా ఎలోయీసా.

"అంటే," దోన్యా తొమాసా గొంతు చిన్నబోయింది, "నేను చీమలపుట్ట మీద కూర్చోబెట్టమన్నది..."

"మా ఇద్దరినీ," అంది అమ్మమ్మ. "పాకం పోసి మరీ."

ఎవరూ నవ్వలేదు. అమ్మమ్మ వంటింటి వైపు తిరిగింది.

"నోయెమీ! విన్నావుగా? మీ అమ్మ చేసింది తప్పే. కావాలని మాత్రం చెయ్యలేదు. ఇప్పుడైనా మాట్లాడతావా?"

జవాబుగా రోలు మళ్ళీ కదిలింది. ముందుకంటే గట్టిగా.

నాకు అర్థం కాలేదు. అమ్మ కోపం ఇదే అయితే ఇప్పుడు కాస్తయినా తగ్గాలి. తగ్గలేదంటే ఇది కాదు. మరింకేమిటి?

ఆలోచించే లోపు తలుపు చప్పుడైంది.

పుస్తకం వెనక ఫోటోలో ఆవిడ పెద్దగా కనిపిస్తారు. గుమ్మంలో నిలబడ్డ డెల్ఫీనా గారు అమ్మమ్మంత ఉన్నారు. జుట్టునిండా దుమ్ము, బూట్లనిండా దుమ్ము. నేను మూడు రోజులుగా తయారుచేసుకున్న స్వాగతవాక్యం ఒక్క ముక్క గుర్తురాలేదు. తలుపు పట్టుకుని నిలబడిపోయాను.

"అరసేలీనా?" అన్నారు. "ఆలస్యమైందా? ముందు ఆ మెట్ల దగ్గరికి వెళ్ళాను. ఆ ఎర్ర ఇటుకల మేడ ఇంకా ఉంది. అక్కణ్ణించి నడిచొచ్చాను."

"ఈ గాలిలోనా?"

"ఈ గాలి కోసమే."

దోన్యా తొమాసా నన్ను పక్కకి తోసేసింది. "ఎంత బాగా రాశావమ్మా! మా దుమ్ముని కూడా అందంగా రాశావు!" అని, రెండు చేతులతో ఆవిడ బుగ్గలు, నుదురు, భుజాలు తడిమింది. మెచ్చుకుని తాకకుండా వదిలేస్తే దిష్టి తగులుతుంది. అంత గట్టిగా మెచ్చుకున్నప్పుడు అన్నిచోట్లా తాకాలి మరి. డెల్ఫీనా గారు కళ్ళు మూసుకుని బుద్ధిగా తాకించుకున్నారు. ఆవిడకీ తెలుసు ఆ సంగతి. ఏ ఊళ్ళో పెరిగినా మా మనిషే.

లోపల గోడవారన ఇద్దరు ముసలివాళ్ళు నిలబడి ఉన్నారు. ఇందాక ఒకరి మీద ఒకరు తోసుకున్న ఆ రెండు మాటలనే ఇప్పుడు చెరొకటి తీసి తమ మీద వేసుకున్నారు.

"పేరు నాది," అంది దోన్యా ఎలోయీసా.

"చేతులు నావి," అంది అమ్మమ్మ. "తిట్టాలనుకుంటే కూర్చుని తిట్టు తల్లీ. నడిచొచ్చావు."

డెల్ఫీనా గారు ఒకరి ముఖంలోకీ ఇంకొకరి ముఖంలోకీ మార్చి మార్చి చూశారు. నేను మధ్యలో దూరి, నలభై రోజుల పురుడూ రిజిస్టరూ నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆవిడ కుర్చీ వెతుక్కుని కూర్చున్నారు.

"ఇద్దరా?" అన్నారు. "నాకు ఇద్దరా? నేను ఒకరే అనుకుని రాశాను. బట్టలు తెచ్చే ఇద్దరు అత్తలు గుర్తున్నారు. ఎవరు జ్ఞానతల్లో నాకెవరూ విడమరచి చెప్పలేదు."

"చెప్పడానికి మాకే తెలీదు," అంది దోన్యా ఎలోయీసా.

ఆవిడ నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, చేతుల్ని ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేను మిమ్మల్ని తిట్టడానికి రాలేదండీ. నేనే ఒకటి ఒప్పుకోవడానికి వచ్చాను. ఆ మూడు రోజుల్లో ఎవరూ రాలేదని రాశాను. అది అబద్ధం."

"కథ అన్నాక అబద్ధాలు ఉంటాయమ్మా," అంది దోన్యా తొమాసా. "మాకు తెలుసు."

"లేదండీ. కథ కోసం కల్పించడం వేరు. ఇది నేను నిజమని నమ్ముతూ పెరిగిన అబద్ధం. నన్ను ఎవరూ తీసుకెళ్ళలేదు, కాబట్టి ఎవరూ రాలేదు. అలాగే అనుకునేదాన్ని. ఆ అధ్యాయం రాస్తుంటే అసలు సంగతి గుర్తొచ్చింది. అయినా ఎవరూ రాలేదంటేనే పేజీ బాగుందని అలాగే ఉంచేశాను. అచ్చయ్యాక చదివినప్పుడల్లా అక్కడ సిగ్గేస్తోంది."

గాలి కిటికీని కొడుతోంది.

"మూడోరోజు పొద్దున ఎవరో వీధిలోంచి నన్ను పిలిచారు. పుస్తకంలో లేని పేరుతో. మా అమ్మ ఇంట్లో నన్ను పిలిచే పేరుతో. నేను మెట్లు దిగి, వాటి కింద బొగ్గులు పోసుకునే గూట్లో దాక్కున్నాను. చాలాసేపు పిలిచారు. దగ్గరికొచ్చి, దూరంగా వెళ్ళి, మళ్ళీ దగ్గరికొచ్చి. తర్వాత ఆగిపోయింది. ఎవరో నేను చూడలేదు." ఆవిడ తల ఎత్తారు. "మీ ఇద్దరిలో ఎవరు?"

ఒక్క ముక్క చాలు. నేనే అంటే చాలు. ఎవరు అన్నా ఆవిడ నమ్ముతారు. యాభై ఏళ్ళ బరువు అక్కడికక్కడ దిగిపోతుంది. పేకాటలో చీటీలు జాకెట్లో దాచుకునే మనుషులు వీళ్ళు. ఇంటిపన్నువాళ్ళతో, ఫాదరుగారితో, దేవుడితో కూడా అబద్ధమాడగలరు. అమ్మమ్మ పెదవులు కదిలాయి. చెప్పెయ్యి అమ్మమ్మా, అనుకున్నాను. చెప్పెయ్యి, ఎవరికి నష్టం?

"నేను రాలేదు తల్లీ," అంది అమ్మమ్మ.

"నేనూ రాలేదు," అంది దోన్యా ఎలోయీసా.

నేను వాళ్ళని ఎత్తుకుని ముద్దు పెట్టుకుందామనుకున్నాను. అదే సమయంలో ఇద్దరికీ దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు. అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాను. ఇంత చిన్న వంటిల్లు, ఇంత చిన్న హాలు, ఇందులో ఇంత పెద్ద మనుషులు ఇన్నాళ్ళూ ఎలా పట్టారో నాకు తెలియలేదు.

"మరి ఎవరు?" అన్నారు డెల్ఫీనా గారు. ఆవిడ గొంతులో మొదటిసారి భయం వినిపించింది. "ఆ పేరు ఇంకెవరికీ తెలీదే..."

"చపులీనా."

మిడత. మా ఊళ్ళో గెంతుతూ తిరిగే పిల్లల్ని అలా పిలుస్తారు.

అందరం తల తిప్పాం. వంటింటి గుమ్మంలో అమ్మ. మోచేతుల దాకా ఎర్రటి కారం. ఐదు రోజుల్లో ఉప్పూ వెల్లుల్లీ కాని మాట ఆవిడ నోట రావడం ఇదే మొదలు. అమ్మమ్మతో కాదు, మాలో ఎవరితోనూ కాదు.

డెల్ఫీనా గారు లేచి నిలబడ్డారు.

"ఫ్యాక్టరీ గేటు దగ్గర మీ అమ్మ కోసం నువ్వూ, మా అమ్మ కోసం నేనూ," అంది అమ్మ. "రాళ్ళాట ఆడేవాళ్ళం. నీకు గుర్తుందో లేదో."

"నోయెమీ," అన్నారు ఆవిడ. అడుగుతున్నట్టు కాదు.

"నాకు ఎనిమిదేళ్ళు. పిల్లని తెస్తారట అని ఇంట్లో అనుకుంటుంటే విన్నాను. మంచంలో గోడవైపు నీకు వదిలిపెట్టాను. నా రెండు గౌన్లలో ఒకటి నీకని తీసిపెట్టాను. మూడు రోజులైనా ఎవరూ తేలేదు. సరే, పెద్దవాళ్ళతో కాదని నేనే వచ్చాను. ఒక్కదాన్నే, రైలు పట్టాలు దాటుకుని."

"నోయెమీ, నువ్వు నాకెప్పుడూ..." అంది అమ్మమ్మ.

అమ్మ వినిపించుకోలేదు. ఆవిడ కళ్ళు డెల్ఫీనా గారి మీదే ఉన్నాయి.

"మెట్టు మీద నీ మూట ఉంది. నువ్వు లేవు. గొంతు పోయేదాకా పిలిచాను. నీకు మా ఇల్లు నచ్చలేదనుకున్నాను, నేను నచ్చలేదనుకున్నాను. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళలో ఆ వీధిలోంచి మళ్ళీ నడవలేదు. మొన్న సోమవారం నీ పుస్తకంలో చదివాను. ఎవరూ రాలేదట."

అమ్మ ఒక అడుగు ముందుకేసింది. ఆవిడ వేళ్ళ చివర్ల నుంచి ఎర్రటి చుక్క ఒకటి నేలమీద పడింది.

"అక్కడే ఉన్నావు కదా చపులీనా. నా గొంతని తెలుసు కదా. ఎందుకు బయటికి రాలేదు?"

ఎదురుచూసిన పిల్ల గురించి మూడువందల పన్నెండు పేజీలు రాసిన మనిషి, తనకోసం ఎదురుచూసిన పిల్ల ఎదురుగా నిలబడి, ఈసారి దాక్కోకుండా జవాబు చెప్పడానికి, ఆ కారం చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నారు.